సబ్‌వూఫర్‌కు కట్టిన గద్దె

ఖతర్ మొత్తంలో మాదంత పెద్ద హోం థియేటర్ ఇంకొకటి లేదు. షేకుల ఇళ్ళలో కూడా ఉండదు. ఒక లారీ లోపలికి వచ్చి, మలుపు తిరిగి, ముందుకే బయటికి పోవచ్చు.

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. లారీ పట్టదు. చిన్న పికప్ పడుతుంది, అది కూడా డ్రైవర్ పనిమంతుడైతే. నేను చెప్తున్నది మా క్యాంపు మెస్ హాలు గురించి. బిర్కత్ అల్ అవామిర్‌లో మా కంపెనీ క్యాంపు ఉంది. రేకుల కప్పు, టైల్స్ నేల, పొడుగాటి స్టీలు బల్లలు. ఒక పక్క చేతులు కడుక్కునే కుళాయిలు, వాటి పక్క మూలలో బియ్యం బస్తాలు. శుక్రవారం డ్యూటీ ఉండదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్లలు గోడకు జరిపి, కిటికీలకు నల్ల పాలిథిన్ కట్టి, ఎదుటి గోడకు తెల్ల దుప్పటి బిగిస్తే అదే మా థియేటర్. వేరే రోజుల్లో అక్కడ పప్పు వాసన వస్తుంది. నిజానికి శుక్రవారం కూడా వస్తుంది.

నేను షట్టరింగ్ మేస్త్రిని. కాంక్రీటు పోయడానికి ముందు చెక్కలు, ప్లైవుడ్‌లతో అచ్చు కట్టే పని. ఈ దోహాలో సగం బిల్డింగులు నా అచ్చుల్లోంచే లేచాయని మా ఊళ్ళో చెప్పుకుంటాను. సగం కాదు లెండి, కొన్ని. వాటిలో రెండు కార్ల పార్కింగులు. ఆ కొన్నింటి కోసమే సుత్తుల మధ్య, కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ల మధ్య ఇన్నేళ్ళు నిలబడ్డాను. చెవులకు పెట్టుకునే రబ్బరు బిళ్ళలు కంపెనీ ఇచ్చేది. వాటిని జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. చెవులు మూసుకుని పని చేసేవాడు మేస్త్రి ఏమిటని నా పొగరు. ఇప్పుడు చెవులు రెండూ ఉన్నాయి, చూడటానికి బాగానే ఉన్నాయి.

కొత్తగా కట్టే హోటల్లో మాతో పనిచేసిన ఇంజనీరు ఒకాయన, గోదావరి వైపు మనిషి, ఉద్యోగం వదిలి ఇంటికి వెళ్తూ తన హోం థియేటర్ మాకిచ్చేశాడు. ప్రొజెక్టరు, అయిదు చిన్న స్పీకర్లు, దరువు అదరడానికి ఒక చిన్న సబ్‌వూఫర్. "మేస్త్రి గారూ, ఇంతదూరం మోసుకెళ్ళలేనండీ. మీ హాల్లో పెట్టుకోండి, కుర్రాళ్ళు సరదాపడతారు," అన్నాడు. ఆయన ఫ్లాటులో ఆ సబ్‌వూఫర్ గ్లాసులను కదిలించేది. మా హాల్లో పెట్టగానే, బావిలో చెంబు పడేసినట్టయింది. హాలు దాన్ని మింగేసింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు ఏదో గురక వినిపించేదట. వెనక వరసకు అదీ లేదు.

నేను కూర్చునేది వెనక వరసలో.

ఒక శుక్రవారం సినిమాలో హీరో ఇంటి తలుపు విరగ్గొట్టుకుని విలన్లు లోపలికి వస్తారు. హాలంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. నేను పడలేదు. తలుపు విరగడం కళ్ళతో చూశానుగాని, అందులో అంత ఎగిరిపడవలసింది ఏముందో నాకు అర్థం కాలేదు. మా గదిలో ఉండే ఎలక్ట్రీషియన్ పక్కనే ఉన్నాడు. జగిత్యాల దిక్కు మనిషి. ఇద్దరు బిడ్డల తండ్రి అయినా నోటికి తాళం లేదు.

"గిటు సూడుండ్రి, అందరు దుంకిండ్రు, కాక మాత్రం బండరాయి లెక్క కూసుండు!" అన్నాడు.

హాలు నవ్వింది. ఆ నవ్వు మాత్రం నాకు వినపడింది.

తరవాతి శుక్రవారం జాగ్రత్తపడ్డాను. తెర మీద కాకుండా పక్కవాళ్ళ భుజాల మీద కన్నేసి, వాళ్ళు ఎగరగానే నేనూ ఎగిరాను. కాస్త ఆలస్యమైంది. అందరూ దిగాక నేనొక్కణ్ణే గాలిలో ఉన్నాను. ఆ నవ్వు ముందుదానికంటే పెద్దది.

"కాకా, నీకెందుకు గీ సిన్మా బాధ? పోయి పండుకోరాదు," అన్నాడు ఎలక్ట్రీషియన్. వాడు ప్రేమగానే అన్నాడు. అదే నాకు మండింది. తిడితే తిరిగి తిట్టవచ్చు. జాలిపడితే ఏం చేస్తాం? ఆ రోజే పంతం పట్టాను. ఆ హాల్లో అందరూ ఉలిక్కిపడిన క్షణంలోనే నేనూ ఉలిక్కిపడాలి. ముందు కాదు, వెనక కాదు. మాటలు వినపడకపోయినా ఫరవాలేదు. మన సినిమాల్లో మాటలు మొహాలు చూస్తేనే తెలుస్తాయి. కాని ఆ దెబ్బ మాత్రం నాకు తగలాలి.

పెద్ద సబ్‌వూఫర్ కొందామని నేనే ప్రతిపాదించాను. హాలు బాగు కోసం అన్నాను. వెనక వరసకు అన్యాయం జరుగుతోందని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. కొందరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు తరుగుతున్నవాళ్ళవి.

తలా కొంత వేసుకున్నాక ఏది కొనాలన్న దగ్గర గొడవ మొదలైంది. ఎలక్ట్రీషియన్‌కు రంగురంగుల లైట్లు వెలిగే స్పీకరు కావాలి. ఫోన్లో బొమ్మ చూపించాడు. "సూడు కాకా, పాటకు తగ్గట్టు ఎర్రగ నీలంగ మెరుస్తది. మైకు గూడ ఉంది."

"మైకు నీకెందుకు బిడ్డా? నీ నోరు చాలదా?" అన్నాను.

మెసైమీర్‌లో పాత సామాన్ల దుకాణం ఉన్న ఒక హైదరాబాదీ భాయ్ నాకు తెలుసు. దేశం వదిలి వెళ్ళేవాళ్ళు అమ్ముకునే టీవీలు, సోఫాలు, స్పీకర్లు ఆయన దగ్గరికే చేరతాయి. ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ రోజు దోహాలోని దుకాణాలన్నీ తిరిగామని క్యాంపులో చెప్పాను. ఒక్కటే తిరిగాం. ఎండ అలా ఉంది.

"ఆవో చచ్చా, ఏం గావాలె?" అన్నాడు భాయ్. చచ్చా అంటే బాబాయ్.

"గుండె అదరాలె," అన్నాను.

"బీవీకి ఫోన్ చెయ్, ముఫ్త్‌లో అదుర్తది," అని నవ్వి, హాలు ఎంత ఉంటుందని అడిగాడు. నేను లారీ సంగతి చెప్పాను. ఎలక్ట్రీషియన్ పక్కనుంచి పికప్ అని సరిచేశాడు. అయినా భాయ్ మొహం మారింది.

లైట్ల స్పీకరు ఆయన దగ్గర కూడా ఉంది. దాని మీద ఉన్న స్టిక్కరును గోటితో గీకాడు. "గీ వాట్స్ గీట్స్ స్టిక్కర్ మీద ఎంతైనా రాస్తరు చచ్చా. స్టిక్కర్‌కు ఏం పోయింది? పెద్ద రూంల గాలిని నూకాలె. గాలిని నూకాలంటే కోన్ పెద్దగుండాలె, డబ్బా పెద్దగుండాలె. గిది దిఖానే కా మాల్, ఉత్త సూపులకే. హిలానే కా మాల్, అదిరిచ్చేది, అటుంది, సూడు."

అటు, సోఫా వెనక, నల్లటి పెట్టె ఒకటి ఉంది. అందం చందం లేదు. మా వంటగదిలో పిండి డబ్బా దానికంటే నదరుగా ఉంటుంది. ముందు వైపు పెద్ద గుండ్రని కోన్, దాని కింద పిడికిలి దూరేంత రంధ్రం. భాయ్ దానికి వైరు తగిలించి ఏదో పాట పెట్టాడు.

"బాగుందా కాకా?" అని ఎలక్ట్రీషియన్ నా మొహంలోకి చూశాడు.

"అద్భుతం," అన్నాను. నాకేమీ వినపడలేదు.

భాయ్ తెలివైనవాడు. నా చెయ్యి పట్టుకుని ఆ రంధ్రం ముందు పెట్టాడు. అరచేతికి గాలి కొట్టింది. ఒకసారి, ఆగి, రెండుసార్లు, మళ్ళీ ఆగి. డప్పు దరువు అది. పాట తెలియదు, పాడేది ఆడో మగో తెలియదు, కాని దరువు నా చేతిలో ఉంది. చాలాసేపు చెయ్యి తీయలేదు.

"గిదే," అన్నాను.

"లైట్లు లెవ్వు గదా," అన్నాడు వాడు.

"లైట్లు గావాలంటే నెత్తి మీద పెట్టుకో. గిదే."

దాన్ని ఒంటిచేత్తో ఎత్తి టాక్సీలో పెట్టాను. అబద్ధం. ముగ్గురం పట్టాం, నేను ఎక్కువగా 'యల్లా యల్లా' అని తొందరపెట్టే పని చేశాను.

ఇక్కడే మేము మా పని బుద్ధి చూపించుకున్నాం. మా బతుకంతా సైటులోనే గడిచింది. సైటులో బరువైనది ఏది వచ్చినా, పంపు గానీ జనరేటరు గానీ, ముందు దానికి కాంక్రీటు గద్దె కడతారు, తరవాతే యంత్రం. బంగారంలాంటి హాల్లో సబ్‌వూఫర్‌కు కాంక్రీటు గద్దె ఏమిటని ఒక్కరికీ అనుమానం రాలేదు. తెర కింద సరిగ్గా నడుమ గద్దె కట్టాలని తేల్చాం. నడుమ ఎందుకంటే అక్కడే అందంగా ఉంటుంది. క్యాంప్ బాస్‌ను పర్మిషన్ అడిగితే స్పీకరుకు గద్దె ఏమిటని కొట్టిపారేస్తాడని, మంచినీళ్ళ కూలర్ కోసం అని చెప్పాను. ఆయన మలయాళీ, హిందీలో మాట్లాడతాడు. మంచి ఆలోచన అని మెచ్చుకున్నాడు కూడా.

అచ్చు నేనే కట్టాను. ఎంతోమంది ఇనుప పనివాళ్ళు లోపల కడ్డీ అల్లుతామని ముందుకొచ్చారు. ఒక పెట్టెకు కడ్డీ ఎందుకని ఆపాల్సింది, ఆపలేదు. ఆ గద్దె మీద ఏనుగును నిలబెట్టవచ్చు. అంచులు మా గదిలోని తాపీ పనివాడు అద్దంలా నునుపు చేశాడు. ఆరేదాకా దాని పక్కనుంచి ఎవరూ గట్టిగా నడవలేదు.

శుక్రవారం వచ్చింది. పెట్టెను గద్దె మీద ప్రతిష్ఠించాం. కొబ్బరికాయ కొట్టలేదు, వంటాయన కొబ్బరి కూరకు కావాలని ఇవ్వలేదు. నేను వెనక వరసలో నా కుర్చీలో కూర్చున్నాను. సినిమా మొదలైంది. తెర మీద రెండు జీపులు గుద్దుకున్నాయి. నాకేమీ తగల్లేదు. కాని గద్దె నాది, ఎంపిక నాది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "అబ్బబ్బ! ఏం దెబ్బ బిడ్డా! గుండె కాయ కదిలింది!" అని గట్టిగా అన్నాను.

హాలు నిశ్శబ్దమైపోయిందని మొహాలను బట్టి తెలిసింది. ఎలక్ట్రీషియన్ గద్దె దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో సబ్‌వూఫర్ ప్లగ్గు ఉంది. ఇంకా గోడకు పెట్టలేదు.

"కాకా," అన్నాడు, "కరెంటు ఇయ్యకముందుకే కదిలిందా?"

ఆ నవ్వు గురించి రాయను. రేకులు అదిరాయి. సబ్‌వూఫర్ చేయని పని వాళ్ళ నవ్వు చేసింది.

ప్లగ్గు పెట్టాక ఇంకా అన్యాయం. కుళాయిల దగ్గర నిలబడ్డ వంటాయన "బాప్‌రే" అన్నాడు. నడుమ వరసల్లో, వెనక నా కుర్చీలో శూన్యం. అందరూ అదే అన్నారు, చెవులున్నవాళ్ళు కూడా. అంత పెట్టె, అంత గద్దె, హాలు నడుమ మాత్రం చచ్చిన దరువు. ఎవరైనా "కాక తప్పు కొన్నడు" అంటారని చూశాను. అనలేదు. మళ్ళీ జాలి.

ఆ సాయంత్రం మా ఇంటిది ఫోన్ చేసింది. వీడియో కాల్‌లో ఆమె పెదాలు చూసి నేను మాటలు పట్టుకుంటాను. ఆ విషయం ఆమెకు తెలియదనుకునేవాణ్ణి. ఎలక్ట్రీషియన్ భార్య ద్వారా కథంతా అప్పటికే ఊరికి చేరిపోయింది.

"దుబాయ్‌ల ఏందో డబ్బ కొన్నవట?" అంది. ఆమెకు ఖతర్ అయినా దుబాయే.

"ఏం లేదు, పోరగాండ్లకు."

"పోరగాండ్లకు కాదు. నీకు ఇనవడదని ఊరంత ఎర్కనే. అందుకే కదా నేను గిట్ల నోరు ఇంత పెద్దగ తెరిసి మాట్లాడుడు. నీకొక్కనికే ఎర్క లేదు."

ఎన్నేళ్ళుగానో ఆమెకు మాట్లాడేటప్పుడు నోరు పెద్దదనుకుంటూ వచ్చాను.

"ఇనవడదు," అన్నాను. మొదటిసారి. "అయితే ఏంది? నేను సిన్మా సూడొద్దా?"

"సూడు. ఎవడొద్దన్నడు? దొంగ లెక్క ఎందుకు సూస్తున్నవ్ మరి?"

సిగ్నల్ పోయినట్టు నటించాను.

మర్నాడు భాయ్‌కి ఫోన్ చేయించాను. నేను చెప్పాను, ఎలక్ట్రీషియన్ విన్నాడు. గద్దె సంగతి వినగానే భాయ్ ఎంతసేపు నవ్వాడంటే, ఎలక్ట్రీషియన్ ఫోన్ పక్కన పెట్టి బీడీ ముట్టించుకున్నాడు. తరవాత భాయ్ చెప్పింది ఇది: దరువు గదిలో అంతటా ఒకేలా ఉండదు, గోడలకు కొట్టుకుని ఒకచోట పోగవుతుంది, ఒకచోట మాయమవుతుంది. పెట్టెను చచ్చా కూర్చునే కుర్చీలో పెట్టండి. పాట పెట్టి, గోడల వెంబడి నేల మీద పాకుతూ వెళ్ళండి. ఎక్కడ దరువు బాగా తగులుతుందో అక్కడ పెట్టె పెట్టండి. అప్పుడు కుర్చీలో చచ్చాకు అదే తగులుతుంది.

"ఎవరు పాకాలె?" అన్నాడు ఎలక్ట్రీషియన్, నా వైపు చూడకుండా.

"నీకెందుకు రా? నా కుర్చీ, నా దరువు. నేనే పాకుత," అన్నాను. "అందరిని పిలు. దొంగ లెక్క చేసుడు లేదియ్యాల. నాకు ఇనవడదు. ఇనవడదంటే ఇనవడదు. నవ్వేటోళ్ళు ముందుగాల్నే నవ్వుండ్రి, తర్వాత నాకు పనుంది."

ఒక్కడూ నవ్వలేదు. కొంచెం నిరుత్సాహం కలిగింది.

పెట్టెను నా కుర్చీలో కూర్చోబెట్టారు, ముసలి చుట్టంలా. ఎలక్ట్రీషియన్ తన ఫోన్లో ఉన్న డప్పు పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో ఏదో ఊరేగింపులో తీసుకున్నది. నేను లుంగీ ఎగ్గట్టి మోకాళ్ళ మీద వంగి, అరచేతులు టైల్స్‌కు ఆనించి బయలుదేరాను. పులిలా పాకాను అనాలని ఉంది. పిల్లి అన్నా ఎక్కువే. మోకాలి చిప్పలు ఒక్కో టైలుకూ ఒక్కో తిట్టు తిట్టాయి. తలుపు పక్క ఏదో మెత్తగా తగిలింది, నచ్చలేదు. తెర కిందికి వచ్చాను. నా గద్దె పక్కన చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. చెంప ఆనించాను. చల్లగా, నునుపుగా, ఎంతో బాగా కట్టిన గద్దె. లోపల దరువు మాత్రం సున్నా.

కుళాయిలు దాటి బియ్యం బస్తాల మూలకు చేరాను. అరచేతుల్లోంచి మోచేతుల్లోకి, అక్కణ్ణుంచి దవడలోకి ఎక్కింది. నా పెట్టుడు పన్ను దానంతటదే దరువు వేయడం మొదలుపెట్టింది. డప్పు! మా ఊళ్ళో డప్పు ముందు నడిచే మనిషికి కడుపులో ఎలా తగులుతుందో అలా. ఆ మూలలో, ఎలుకలకు వేసిన మందు పక్కన, పడుకుండిపోయాను.

"కాకా! ఏమైంది కాకా?" అని ఎలక్ట్రీషియన్ పరుగెత్తుకొచ్చాడు. నేను పోయాననుకున్నాడు.

"గీడనే," అన్నాను. "బస్తాలు జరుపుండ్రి."

వంటాయన ఒప్పుకోలేదు. బస్తాల స్థానం తన హయాంకు ముందు నుంచీ ఉన్నదట. బతిమాలాం, తరవాత ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, పెట్టెను మూలలో పెట్టి, డప్పు వేశాం. ఆయన లేచి వెళ్ళి మొదటి బస్తా తనే లాగాడు.

ఆ వారం సినిమాకు హాలు నిండింది. మూలలో పెట్టె పని మొదలుపెట్టగానే కుళాయిల పక్క అల్మారాలో స్టీలు పళ్ళేలు కూడా పని మొదలుపెట్టాయి. ఒకటి జారి కింద పడింది. రెండోది దాని వెనకే. పాట నడుమ తలుపు తెరుచుకుని క్యాంప్ బాస్ వచ్చాడు.

"యే క్యా హై? ప్లేట్ గిర్ రహా హై! సౌండ్ కమ్ కరో!" అన్నాడు. నేను తెర వెలుతురులో పెదాలు చదివాను. చాలా స్పష్టంగా మాట్లాడే మనిషి.

నేను లేచి నిలబడ్డాను. రెండు చెవులు పట్టుకుని, "సాబ్, మేరేకు సునాయీ నై దేతా," అన్నాను, హాలంతటికీ వినపడేలా. వెంటనే హాలు హాలంతా లేచి, చెవులు పట్టుకుని, మాకూ వినపడదు సాబ్ అంది.

అలా జరిగి ఉంటే బాగుండేది. ఎవరూ లేవలేదు. హీరోయిన్ తెర మీద ఉంది. ఎలక్ట్రీషియన్ ఒక్కడే లేచి పళ్ళేలన్నీ తీసి నేల మీద పేర్చాడు. "అబ్ నై గిర్తా సాబ్," అని చెప్పి, కొంచెం సౌండు తగ్గించాడు కూడా. బాస్ అటు తిరగగానే నేను మళ్ళీ పెంచాను.

బాస్ గద్దె వైపు చూశాడు. ఖాళీగా ఉంది. "కూలర్ కిదర్ హై?" అన్నట్టు చెయ్యి తిప్పాడు. నేను చెవులు చూపించాను. ఆయనకు కోపం వచ్చిందో నవ్వొచ్చిందో ఆ వెలుతురులో తెలియలేదు. కుర్చీలేవీ ఖాళీ లేవు. వెళ్ళి ఆ గద్దె మీదే కూర్చున్నాడు. అంచు నునుపును చేత్తో రాసి చూడటం నేను గమనించాను.

తెర మీద ఇల్లు చీకటిగా ఉంది. ముసలి తల్లి దీపం పట్టుకుని తలుపు దగ్గరికి నడుస్తోంది. ఈసారి నేను ఎవరి భుజాలూ చూడలేదు, తెరనే చూస్తున్నాను.

దెబ్బ నేల నుంచి వచ్చింది. పాదాలు, మోకాళ్ళు, కడుపు, పన్ను. కుర్చీ నన్ను వదిలేసింది. హాలంతా గాలిలో ఉంది, నేనూ ఉన్నాను, గద్దె మీద బాస్ కూడా. పక్కనున్న ఎలక్ట్రీషియన్ నా చెయ్యి పట్టుకున్నాడు, వాడు భయపడి పట్టుకున్నది. నా వైపు ఎవరూ చూడలేదు. ఉలిక్కిపడుతున్న మనిషికి పక్కవాణ్ణి చూసే తీరిక ఎక్కడుంటుంది?

గద్దె మీద ఇప్పుడు మంచినీళ్ళ కూలర్ ఉంది. మొదటి నుంచీ అందుకే కట్టానని చెబుతాను, కాదన్నవాడికి నా చెవులు చూపిస్తాను. ఇంకో సంగతి, ఆ రోజు హాల్లో అందరికంటే ఎత్తు ఎగిరింది నేనే. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

సరే, వంటాయన నాకంటే కొంచెం ఎత్తు ఎగిరాడు. పొట్టి మనిషి, అందుకని అలా కనిపించింది.